సాధన మధ్యలో సందేహం: మార్గం మార్చాలా, నిలవాలా?

జిజ్ఞాసువు: నామజపం మొదలుపెట్టి ఏడాదో రెండేళ్లో అయ్యాక ‘ఇది నాకు పడదేమో’ అని ధ్యానానికో, ‘నేనెవరు’ అని వెతికే విచారణకో మారేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లకి వెంటనే ‘సంశయాత్మా వినశ్యతి’ (సందేహించేవాడు నశిస్తాడు, గీత 4.40) వినిపిస్తారు. నోరు మూసుకుని నిలబడటమే శ్రద్ధ అంటే నేను ఒప్పుకోను. ఆరు శ్లోకాల ముందే (4.34) ‘పరిప్రశ్నేన’ అని ఉంది, అంటే అడిగి తెలుసుకోమనే కదా. 4.42లో సంశయాన్ని జ్ఞానమనే కత్తితో నరకమన్నారు, దుప్పటి కప్పమనలేదు.

జపమాల: అడగడం వేరు, మారడం వేరు జిజ్ఞాసువు గారూ. పతంజలి యోగసూత్రాల్లో (1.30) చెప్పిన తొమ్మిది అంతరాయాల్లో (సాధనకు అడ్డంకుల్లో) సంశయం మూడోది. దానికి ముందున్నవి వ్యాధి, స్త్యానం, అంటే ఒంట్లో బాగుండకపోవడం, మనసు మొద్దుబారడం. ముందు ఆ రెండూ ఉన్నాయేమో చూసుకోవాలి. సందేహం వచ్చిన రోజున ఏ నిర్ణయమూ వద్దు. రోజుకు 10 మాలలైతే 40 రోజులూ అదే 10. సందేహం వచ్చినప్పుడల్లా ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాయండి: ఎన్నో మాలలో వచ్చింది, ఎన్నింటికి వచ్చింది, రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, తిని ఎంతసేపైంది. ఎప్పుడూ ఆరో మాల దాటాకే వస్తోందంటే అది అలసట. పొద్దున 5, సాయంత్రం 5గా విడగొట్టండి.

చాలామంది దీనికి సరిగ్గా ఎదురు చేస్తారు. తప్పు చేశామన్న భావంతో 10ని 20 చేస్తారు. అంతే సమయంలో ముగించాలి కాబట్టి వేగం పెరుగుతుంది. బొటనవేలు పూసల్ని లాగేస్తుంటుంది, నామం వెనకబడిపోతుంది, చివరి అక్షరం నోట్లోనే మింగేస్తారు. మేరుపూస (మాల మొదలూ చివరా తెలిపే పెద్ద పూస) వచ్చిందని వేలికి తెలుస్తుంది, నోటికి తెలియదు. ఆ పొడితనం చూసి ‘ఈ మార్గంలో ఏమీ లేదు’ అనేస్తారు.

తత్త్వవిచారి: అన్ని సందేహాలకూ ఒకే మందు వేస్తున్నారు, జపమాల గారూ. వేదాంతంలో వీటిని విడదీసి చెప్పారు. శాస్త్రం నిజంగా ఇదే చెబుతోందా అన్నది ప్రమాణం మీద సందేహం, దానికి శ్రవణం (గురువు దగ్గర శాస్త్రం వినడం). అది చెప్పింది సాధ్యమేనా అన్నది ప్రమేయం (శాస్త్రం చెప్పే విషయం) మీద, దానికి మననం (తర్కించి ఆలోచించడం). బుద్ధికి తెలిసినా పాత అలవాటు లాగుతుంటే విపరీతభావన, దానికి నిదిధ్యాసన (తెలిసినదాన్నే ఎడతెగకుండా ధ్యానించడం). మననం కావలసినవాడికి ఇంకో లక్ష జపం చెబితే ప్రశ్న అలాగే మిగులుతుంది.

ఒక పరీక్ష ఉంది. సందేహాన్ని ఒక్క వాక్యంలో రాసి, ఏ సమాధానం వస్తే అది తీరుతుందో కింద రాయాలి. రాయగలిగితే అది అసలైన ప్రశ్న. రాయలేకపోతే మీ కాగితమే గతి. కఠోపనిషత్తులో నచికేతుడిలో శ్రద్ధ ప్రవేశించిందని చెప్పారు, యముణ్ణి ‘విచికిత్స’ (సందేహం) ఉందంటూ అడిగిందీ అతనే.

శ్వాసలెక్క: థేరవాద బౌద్ధంలో విచికిత్స ఐదు నీవరణాల్లో (ధ్యానానికి అడ్డుపడేవాటిలో) ఒకటి, అయినా శ్రద్ధను ఒంటరిగా పెంచమనరు. ఆ సంప్రదాయపు గ్రంథం విశుద్ధిమార్గంలో శ్రద్ధనీ ప్రజ్ఞనీ తూచి సమానంగా ఉంచమన్నారు. శ్రద్ధే ఎక్కువైతే నమ్మకూడనిదాన్ని నమ్ముతాడు. ప్రజ్ఞే ఎక్కువైతే కపటం వైపు జారతాడు, మందు వల్లే వచ్చిన రోగంలా అది నయం కాదు. (ఇలాంటి చర్చల్లో రెండో రకానిదే జోరు, ఏమనుకోకండి.)

నిలదీత: అందరూ ఒకటి వదిలేశారు. మార్గం మీద కాక గురువు మీద సందేహం వస్తే? డబ్బు లెక్క అడిగితే మండిపడటం, ఇంటివాళ్లతో మాటలు మానేయమనడం, ‘ఎవరికీ చెప్పొద్దు’ అంటూ ఒంటి మీద చెయ్యి వేయడం. వీటికీ 40 రోజులు కాగితం రాయాలా?

జపమాల: అక్కర్లేదు. ఆ రోజే బయటికి వచ్చేయాలి. నేను చెప్పింది సాధన మీద సందేహానికే.

జిజ్ఞాసువు: సరే, 40 రోజులయ్యాక కూడా ప్రశ్న కదలకపోతే?

జపమాల: మారండి. కానీ పాతదాన్ని పూర్తిగా ఆపాకే. పొద్దున శ్వాస, సాయంత్రం జపం అని కలిపితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు.

తత్త్వవిచారి: ఇక్కడ మాత్రం ఒప్పుకోను. జపం చిత్తశుద్ధికి, విచారణ జ్ఞానానికి. రెండోది మొదలుపెట్టాలంటే మొదటిది ఆపాలని ఎక్కడుంది?