క్రికెట్ 24లో లెవెల్ పెంచితే యాభైకే ఆలౌట్, బ్యాటింగ్ ఎట్టా నేర్చుకోవాలి?

కావలి_కవర్‌డ్రైవ్:

అన్నలందరికీ నమస్తే. మాది కావలి. పాత కంప్యూటర్లో ఈఏ క్రికెట్ 07 ఆడుకుంటూ పెరిగినోడిని, ఆ తర్వాత ఫోన్లో రియల్ క్రికెట్, డబ్ల్యూసీసీ (వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్) గేములు. ఇప్పుడు మా అన్న బెంగళూరు నుంచి వస్తూ పీఎస్4 (టీవీకి పెట్టుకుని ఆడే ప్లేస్టేషన్) తెచ్చాడు, దాంట్లో క్రికెట్ 24 గేమ్ ఉంది. ఈజీలో పెడితే ఎవడు వేసినా బాదుడే, కొద్దిరోజులకే బోర్ కొట్టింది. సరే అని హార్డ్‌కి మార్చా, ఇంక చూడండి నా తిప్పలు. టీ20లో యాభై అరవైకి మొత్తం టీమ్ పెవిలియన్‌లో ఉంటోంది. ఫాస్ట్ బౌలర్ వస్తే స్లిప్‌లో క్యాచ్ లేదంటే బౌల్డ్, స్పిన్నర్ వస్తే ఎల్బీ లేదంటే లాంగాన్‌లో క్యాచ్. ప్రతి బాల్‌కీ స్క్రీన్ మీద ఎర్లీ అనో లేట్ అనో పడతానే ఉంటుంది, ఎర్లీ అన్నాడు కదా అని కాస్త ఆగి కొడితే లేట్ అంటాడు, ఏం చెయ్యాలో అర్థం కావట్లా. యూట్యూబ్‌లో వీడియోలు చూశా, అందరూ ఏ బటన్ ఏందో చెప్తారు గానీ ఎప్పుడు నొక్కాలో ఒక్కడూ చెప్పడు. ఆదివారం నెల్లూరు నుంచి మా బావ వాళ్ళు ఆడటానికి వస్తారు, వాళ్ళ ముందు పరువు పోతోంది. కంట్రోలర్ మీద వేళ్ళతో తిప్పే రెండు స్టిక్కుల కంట్రోల్స్ నేర్చుకోవాలా, మామూలు బటన్లతోనే ఆడొచ్చా? తెలిసినోళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

నెల్లూరు_నైట్‌వాచ్‌మన్:

తమ్ముడూ, బ్యాటింగ్ సంగతి తర్వాత, ముందు నీ టీవీ సంగతి చెప్పు. పిక్చర్ సెట్టింగ్స్‌లోకి పోయి చూడు, గేమ్ మోడ్ ఆన్‌లో ఉందా? లేకపోతే నువ్వు ఎంత ప్రాక్టీస్ చేసినా ప్రయోజనం లేదు, ఎందుకో చెప్తా.

టీవీ బొమ్మని అందంగా చూపించడానికి లోపల ఏవేవో చేస్తుంది, రంగులు పెంచడం, కదలికని నున్నగా చెయ్యడం లాంటివి. దానికి టైం పడుతుంది. సినిమా చూసేటప్పుడు ఆ ఆలస్యం మనకి తెలీదు. గేమ్ ఆడేటప్పుడు కొన్ని టీవీల్లో అది 100 మిల్లీసెకన్ల దాకా, ఇంకా పైన కూడా ఉంటుంది. అంటే సెకనులో పదో వంతు. అది ఎంత అనుకుంటున్నావా, 140 కిలోమీటర్ల స్పీడుతో వచ్చే బాల్ ఒక సెకనుకి దాదాపు 39 మీటర్లు పోతుంది. స్టంప్స్‌కీ స్టంప్స్‌కీ మధ్య ఉండేదే 20 మీటర్లు, బౌలర్ చెయ్యి వదిలిన చోటు నుంచి నీ బ్యాట్ దాకా పద్దెనిమిది కంటే తక్కువే. చేతి నుంచి బ్యాట్‌కి రావడానికి అర సెకను కూడా పట్టదు. అందులో పదో వంతు సెకను టీవీ తినేస్తే, నీకు స్క్రీన్ మీద కనిపించే బాల్ కంటే అసలు బాల్ నాలుగు మీటర్లు ముందుకి వచ్చేసి ఉంటుంది. నువ్వు కనిపించినదాన్ని చూసి కరెక్టుగా కొట్టినా లేట్ అంటాడు, తిక్కరేగి ముందే ఊపితే ఎర్లీ అంటాడు. నువ్వు చెప్పిన లక్షణాలు అచ్చం ఇవే.

గేమ్ మోడ్‌లో పెడితే ఈ పనులన్నీ ఆపేస్తుంది, బొమ్మ కాస్త వెలిసిపోయినట్టు ఉంటుంది, పట్టించుకోకు. కంట్రోలర్‌ని కేబుల్‌తో పెట్టుకుని, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ కేబుల్ అని ఎంచుకుంటే ఇంకొంచెం నయం, కానీ దాంతో వచ్చే తేడా చాలా చిన్నది. టీవీదే పెద్ద తేడా.

కావలి_కవర్‌డ్రైవ్:

అన్నా, ఇప్పుడే చూశా. హాల్లో 43 ఇంచుల టీవీ, స్టాండర్డ్ అని ఉంది. గేమ్ మోడ్ ఉన్న సంగతే ఇంట్లో ఎవరికీ తెలీదు. మారుస్తా, కానీ మా నాన్నకి వార్తలు చూసేటప్పుడు రంగులు తగ్గాయంటే మళ్ళీ గోల.

నెల్లూరు_నైట్‌వాచ్‌మన్:

చాలా టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐకి వేరేగా పెట్టుకోవచ్చు. పీఎస్4 గుచ్చినదానికి మాత్రమే మార్చు, సెట్ టాప్ బాక్స్ జోలికి పోకు.

సింగరాయకొండ_స్లిప్:

టీవీ విషయం ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అది సరిచేశాక కూడా నువ్వు అవుట్ అవుతావు, ఎందుకంటే 07 ఆడి వచ్చినోళ్ళందరికీ ఒకటే జబ్బు ఉంటుంది, బౌలర్ పరిగెత్తడం మొదలుపెట్టగానే ఈ బాల్ కవర్స్ మీదుగా అని మనసులో ఫిక్స్ అయిపోతారు. ఫోన్ గేములు దానికి ఇంకా ఆజ్యం పోస్తాయి, అక్కడ వేలితో ఎటు గీస్తే అటు పోద్ది. దానికి తోడు మనందరం టెన్నిస్ బాల్ బ్యాచ్. జవహర్ భారతి గ్రౌండ్‌లో అయినా మా ఊరి చెరువు పక్కనైనా బాల్ ఎక్కడ పడినా మిడ్‌వికెట్ మీదుగా లాగేయడమే మనకి తెలిసిన బ్యాటింగ్. టెన్నిస్ బాల్ స్వింగ్ తక్కువ, లేచి వస్తుంది, అందుకని అక్కడ చెల్లుతుంది. ఈ గేమ్‌లో మిడిల్ స్టంప్ మీద గుడ్ లెంగ్త్ (మరీ ముందూ కాదు, మరీ పొట్టీ కాదు) పడిన బాల్‌ని అట్టా లాగితే ఎల్బీ, లేకపోతే గాల్లోకి.

నీ ప్రశ్నకి జవాబు, రెండు స్టిక్కులే నేర్చుకో. మొదట్లో కష్టంగా ఉంటుంది, అయినా సరే. ఎందుకంటే ఎడమ స్టిక్ కాలు, కుడి స్టిక్ బ్యాట్. రెండూ విడివిడిగా నీ చేతిలో ఉంటే ఎక్కడ తేడా కొట్టిందో నీకు తెలుస్తుంది. బాల్ చెయ్యి వదలగానే చూడాల్సింది లెంగ్త్ ఒక్కటే. ముందు పడుతుందా, వెనక పడుతుందా. ముందు పడేదానికి ఫ్రంట్ ఫుట్, పొట్టిగా పడేదానికి బ్యాక్ ఫుట్, ఎడమ వేలు అప్పటికే కదిలి ఉండాలి. కుడి వేలు మాత్రం బాల్ పిచ్ అయ్యాకే కదలాలి. చాలామంది రెండూ ఒకేసారి తోసేస్తారు, అందుకే ఎర్లీ. స్క్రీన్ మీద టైమింగ్ ఒక్కటే చూస్తున్నట్టున్నావు, పక్కనే ఫుట్‌వర్క్ బాగుందో లేదో కూడా చూపిస్తుంది, అది చూడు. టైమింగ్ కరెక్ట్‌గా ఉండి కూడా ఎడ్జ్ తగిలిందంటే కాలు తప్పు అని అర్థం.

ఇంకోటి, వదిలెయ్యడం నేర్చుకో. ఆఫ్ స్టంప్ బయట పడే బాల్‌ని ముట్టుకోకు, కనీసం మొదటి మూడు నాలుగు ఓవర్లు. సచిన్ 2004 జనవరిలో సిడ్నీలో 241 నాటౌట్ కొట్టినప్పుడు కవర్ డ్రైవ్ జోలికే పోలేదు, ఆ సిరీస్‌లో అంతకుముందు బయట బాల్స్‌ని డ్రైవ్ చేయబోయి అవుట్ అవుతున్నాడని పట్టుబట్టి ఆ షాట్ మానేశాడు. 436 బాల్స్ ఆడాడు. ఎదురుగా మన లక్ష్మణ్ 178 కొట్టాడులే, ఆయన మాత్రం కవర్స్‌లో దంచాడు, అది వేరే సంగతి. నీ పేరులోనే కవర్‌డ్రైవ్ ఉంది, కొన్నాళ్ళు ఆ పేరు మార్చుకో.

ఆడితే_సిక్సే:

ఏందన్నా ఇది, పిల్లోడు గేమ్ ఆడుకుంటానంటే రంజీ సెలక్షన్‌కి పంపేట్టున్నారు. తమ్ముడూ, నా మాట విను, మీడియంలో పెట్టుకుని ఆడుకో. పొద్దంతా పని చేసి ఇంటికొచ్చి, ఉన్న గంటలో డిఫెన్స్ ఆడుకుంటూ కూర్చుంటే ఏం మజా? టీ20లో నాలుగు ఓవర్లు వదిలేస్తే కొట్టేది ఎప్పుడు? బావ వాళ్ళతో ఆడేటప్పుడు ఎట్టాగూ అటు పక్క కూడా మనిషే కదా, లెవెల్‌తో పనేముంది.

సింగరాయకొండ_స్లిప్:

బ్రో, అటు మనిషైనా బాల్‌ని ఆడాల్సింది ఇతనే కదా. మీడియం అనేది మంచి మాటే, నేను కాదనట్లా, ఈజీ నుంచి ఎగిరి హార్డ్‌లో దూకడమే అసలు తప్పు. బ్యాటింగ్ లెవెల్ వేరుగా, బౌలింగ్ లెవెల్ వేరుగా పెట్టుకోవచ్చు, అది వాడుకుంటే సరి. బ్యాటింగ్ ఒక్కటీ మీడియంకి దించి, అక్కడ అవుట్ కాకుండా పది ఓవర్లు నిలబడగలిగితే అప్పుడు పెంచుకో. నాలుగు ఓవర్లు వదిలెయ్యమన్నది నేర్చుకునేటప్పుడు, అది కూడా టీ20 కాదు, టెస్ట్ మ్యాచ్ పెట్టుకో. టీ20లో నేర్చుకుందామనుకునేవాడు జన్మలో నేర్చుకోలేడు, రన్ రేట్ కనిపిస్తుంటే వేలు ఊరుకోదు. టెస్ట్‌లో కంగారు పెట్టేవాడు లేడు. క్రీజులో నిలబడేకొద్దీ బ్యాటర్ కాన్ఫిడెన్స్ పెరుగుతుంది, మొదట్లో ఎడ్జ్ తీసుకున్న షాటే తర్వాత నీట్‌గా పోతుంది.

ఆడితే_సిక్సే:

టెస్ట్ మ్యాచ్ అంట. కరెంటు పోతే? ఎండాకాలం మా ఊళ్ళో లంచ్ విరామం ఇచ్చేది కరెంటోళ్ళే.

ఒంగోలు_ఆఫ్‌స్పిన్:

పైన అందరూ పేస్ గురించే చెప్పారు. ఇతను స్పిన్‌కి కూడా పోతున్నాడు, దాన్ని ఎవరూ పట్టించుకోలా. నా లెక్కలో ఈ గేమ్‌లో అసలు కష్టం స్పిన్నే.

చూడు, పేసర్ బాల్‌కి అర సెకను కూడా ఉండదని పైన అన్న లెక్క చెప్పాడు. స్పిన్నర్ 80 కిలోమీటర్లతో వేస్తే అదే దూరానికి 0.8 సెకను దాకా పడుతుంది, దాదాపు రెట్టింపు. పవర్‌ప్లే ఆరు ఓవర్లు పేస్‌కి అలవాటు పడ్డ వేలు ఏడో ఓవర్లో స్పిన్నర్ రాగానే పాత లెక్కలోనే కదులుతుంది. బాల్ ఇంకా గాల్లో ఉండగానే షాట్ అయిపోతుంది, అదే లాంగాన్‌లో క్యాచ్. కాబట్టి కొత్త బౌలర్ వచ్చినప్పుడల్లా మొదటి రెండు మూడు బాల్స్ ఊరికే డిఫెన్స్ చెయ్యి. ఆడకుండా చూసినా పర్వాలేదు. మీడియం పేసర్ అయినా అంతే, 125 వేసేవాడి తర్వాత 145 వేసేవాడు వస్తే మళ్ళీ మొదటి నుంచి.

ఎల్బీ ఎందుకు అవుతోందంటే, గుడ్ లెంగ్త్ బాల్‌కి సగం ముందుకి వచ్చి లెగ్ సైడ్ కొట్టాలని చూస్తుంటావు, అవునా? స్పిన్‌కి పూర్తిగా ముందుకి, లేదంటే పూర్తిగా వెనక్కి. ఆఫ్ స్పిన్నర్ కుడిచేతి బ్యాటర్‌కి వేస్తే బాల్ లోపలికి తిరుగుతుంది, దాన్ని మిడాన్ వైపు తిప్పు, కవర్స్ వైపు కొట్టబోతే బ్యాట్‌కీ ప్యాడ్‌కీ మధ్య సందులోంచి పోద్ది. లెగ్ స్పిన్నర్, లెఫ్టార్మ్ స్పిన్నర్ వేసేది బయటికి పోతుంది, దాన్ని కవర్స్, పాయింట్ వైపు. తిరిగే దిక్కుకే కొట్టాలి, మన ఊళ్ళో ముసలోళ్ళు కూడా చెప్పే ముక్కే, గేమ్‌లోనూ అదే నడుస్తుంది. ముందుకి దూకి కొట్టడం, స్వీప్ ఇవన్నీ తర్వాత. స్వీప్ మొదట్లో బాగా పని చేసినట్టే ఉంటుంది, ఫుల్ టాస్ పడిన రోజు మిడిల్ స్టంప్ లేచిపోద్ది.

బాల్ వెయ్యకముందే ఫీల్డ్ చూసుకోవడం కూడా అలవాటు చేసుకో. మిడాన్ లోపల ఉన్నాడా, బయట ఉన్నాడా తెలియకుండా లేపితే ఎట్టా? బయట ఉంటే కింద నుంచి తట్టి ఒకటి తీసుకో. సింగిల్స్‌తోనే ఓవర్‌కి ఐదారు వస్తాయి, ఆ మాత్రం దానికి రిస్క్ ఎందుకు.

కావలి_కవర్‌డ్రైవ్:

అన్నా, వారం తర్వాత మళ్ళీ వచ్చా. గేమ్ మోడ్ పెట్టగానే లేట్ అనేది దాదాపు పోయింది, ఇన్నాళ్ళూ నేనే చేతకానోణ్ణి అనుకున్నా. నెట్స్‌లో ఒక్క పేసర్‌ని పెట్టుకుని షాట్ కొట్టకుండా కాలు ఒక్కటే కదుపుతూ ప్రాక్టీస్ చేశా, చూసేవాళ్ళకి పిచ్చి పట్టిందేమో అనిపించి ఉంటుంది, మా అమ్మ అడిగేసింది కూడా, కొట్టవేంట్రా అని. తర్వాత టెస్ట్ పెట్టుకుని బ్యాటింగ్ మీడియంలో ఆడితే ఓపెనర్ లంచ్ దాకా నిలబడ్డాడు. సిక్సే అన్నా, కరెంటు పోలా. స్పిన్‌కి కూడా ఎల్బీలు తగ్గాయి. కానీ లెఫ్టార్మ్ పేసర్ వస్తే మాత్రం మళ్ళీ మొదటికే వస్తోంది. బయటికి పోతుందని వదిలేస్తే లోపలికి వచ్చి స్టంప్స్ లేపుతున్నాడు, ఆడితే కీపర్‌కి. దీనికేం మార్గం?

సింగరాయకొండ_స్లిప్:

లంచ్ దాకా నిలబడ్డావంటే సగం పని అయిపోయినట్టే. లెఫ్టార్మ్ వాడు ఓవర్ ది వికెట్ (బాల్ వేసే చెయ్యి స్టంప్స్ పక్కన ఉండేలా) వేస్తే బాల్ మామూలుగానే కుడిచేతి బ్యాటర్‌కి అడ్డంగా బయటికి పోయే కోణంలో వస్తుంది. స్వింగ్ అయితేనే లోపలికి వచ్చేది, అది కూడా ఎక్కువగా ఫుల్ లెంగ్త్ పడినప్పుడు, కొత్త బాల్‌తో. కాబట్టి ఇక్కడ వదలాలా ఆడాలా అనేది లైన్ చూసి కాదు, లెంగ్త్ చూసి తేల్చుకో. కాస్త పొట్టిగా పడి ఆఫ్ స్టంప్ బయట ఉంటే హాయిగా వదిలెయ్యి. ఫుల్‌గా పడితే మాత్రం ఎక్కడ పడినా ఫ్రంట్ ఫుట్ వచ్చి, బ్యాట్‌ని నిటారుగా మిడాన్ వైపు పెట్టు. ఫ్లిక్ చెయ్యకు, ఫ్లిక్ చేస్తే ఎల్బీ. బాల్ వెయ్యకముందు క్రీజులో కాస్త ఆఫ్ స్టంప్ వైపు జరిగి నిలబడితే ఏది బయటిదో ఏది లోపలిదో తొందరగా తెలుస్తుంది, కాకపోతే ఎక్కువ జరిగితే లెగ్ స్టంప్ కనిపిస్తుంది, వాడు యార్కర్ వేస్తాడు.

నెల్లూరు_నైట్‌వాచ్‌మన్:

కెమెరా ఏది పెట్టుకున్నావు తమ్ముడూ? టీవీలో చూపించినట్టు బౌలర్ వెనక నుంచి అయితే లెఫ్టార్మ్ కోణం పట్టుకోవడం కష్టం. బ్యాటర్ వెనక నుంచి చూపించేది పెట్టి చూడు. మార్చిన కొత్తలో కుడి ఎడమ తికమక అవుతుంది, ఆదివారం లోపు అలవాటు కాదనుకుంటే ఈ వారానికి వద్దు, బావ వాళ్ళు వెళ్ళాక మార్చు.

కావలి_కవర్‌డ్రైవ్:

బౌలర్ వెనకదే అన్నా. సోమవారం మారుస్తా. ఈ ఆదివారం లెఫ్టార్మ్ పేసర్ లేని టీమ్‌ని బావకి ఇచ్చేస్తా.