క్లో ద వూజో: ఒకే గోడ, ఒకే పేరు, మరి ఇంత తేడా ఎందుకు?

రోన్‌తీరం:
సాయంత్రం నుంచి ఇదే పని. అర్ధరాత్రి దాటినా తేలలేదు. మా ఆఫీసులో పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరు నాకు క్లో ద వూజో అనే తోట ఎర్ర వైన్ సీసా బహుమతిగా ఇచ్చారు. ఇవాళ మా పెళ్లిరోజు కదా అని తెరిచాం. రంగు పలచగా ఉంది. వాసన దాదాపు లేదు. నోట్లో పోసుకుంటే ముందు పులుపు, వెనకే నాలుకను పట్టేసే వగరు. ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలోకెల్లా పేరున్న తోటల్లో ఇదొకటని చదువుతున్నకొద్దీ ఉక్రోషం పెరుగుతోంది. పటం చూస్తే తోట ఒక్కటే, చుట్టూ గోడ ఒక్కటే. దుకాణాల ధరలు చూస్తే అదే పేరున్న సీసాల మధ్య మూడు నాలుగు రెట్ల తేడా. మాకు వచ్చింది మంచిదా కాదా, ఎవరైనా సూటిగా చెప్పండి.

పాతసీసా:
ఏ సంవత్సరపు కోత? ఎవరు చేసినది? ఎంత చల్లగా పోశారు? ఇవి చెప్పకపోతే జవాబు లేదు.

మట్టివాసన:
ముందు ఆ తోట కథ తెలియాలండీ, లేకపోతే ధరల తేడా ఎప్పటికీ అర్థం కాదు. 12వ శతాబ్దంలో సీతో మఠానికి చెందిన సన్యాసులు దానంగా వచ్చిన పొలం చెక్కలూ కొన్న చెక్కలూ కలుపుకుంటూ ఈ తోటను పెంచారు. 1336 నాటికి చుట్టూ గోడ పూర్తయింది. ఫ్రెంచ్ విప్లవం వచ్చాక ప్రభుత్వం మఠం ఆస్తులు స్వాధీనం చేసుకుని 1791లో ఈ తోటను వేలం వేసింది. తరువాత కూడా చాలాకాలం ఒకే యజమాని చేతిలో ఉండేది. 1889లో ఆరుగురు వర్తకులు కలిసి కొన్నారు, అక్కడి నుంచి ముక్కలవడం మొదలైంది. ఫ్రాన్సులో వారసత్వ చట్టం బిడ్డలందరికీ వాటా ఇస్తుంది. మన ఊళ్లలో తాతగారి పొలం గట్లు గట్లుగా చీలిపోయినట్టే ఇక్కడా చీలింది. ఈరోజు సుమారు 50 హెక్టార్లు, అంటే 125 ఎకరాలు, దాదాపు 80 మంది యజమానుల చేతుల్లో ఉంది. కొందరికి నాలుగైదు సాళ్లకు మించి లేవు. మీరు తాగినది తోట మొత్తం వైన్ కాదు, ఒకరి సాళ్ల వైన్.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సన్యాసుల నాటి తీగలు ఇప్పుడు లేవు. 19వ శతాబ్దం చివర ఫిల్లోక్సెరా అనే వేరు పురుగు ఫ్రాన్సు తోటలను తుడిచిపెట్టింది. అమెరికా జాతి వేళ్ల మీద అంటుకడితే తప్ప తీగ బతకలేదు. అంటుకట్టడాన్ని అప్పట్లో ఎంత వ్యతిరేకించారో చదివితే ఆశ్చర్యం వేస్తుంది.

పాతసీసా:
పురుగు సంగతి వేరే చర్చలో రాయండి. సంవత్సరం కావాలి.

రోన్‌తీరం:
2021. లేబుల్ మీద గ్రాం క్రూ (అక్కడి తోటల్లో అన్నిటికన్నా పై శ్రేణి) అని ఉంది, సీసాలో నింపిన ఊరు న్వీ సాం జోర్జ్. నిర్మాత పేరు ఇక్కడ రాయను, బహుమతి ఇచ్చినవారికి వాళ్లు బాగా తెలిసినవాళ్లు. సీసా నిన్నటి నుంచి ఫ్రిజ్‌లో ఉంది, తీయగానే పోశాను. నీళ్లు తాగే గ్లాసులు. మా ఆవిడ గోంగూర మాంసం చేసింది. సగం సీసా మిగిలింది. వైన్ మంచిదైతే ఇవన్నీ అడ్డమా?

పాతసీసా:
అడ్డమే. ఫ్రిజ్ చలిలో ఎర్ర వైన్ వాసన అణగిపోతుంది, వగరు, పులుపు ముందుకొస్తాయి. 16 డిగ్రీల దగ్గర, పొట్ట వెడల్పుగా ఉన్న గ్లాసులో, మూడో వంతు మించకుండా పోయండి. పైగా 2021 కోత గ్రాం క్రూకి చాలా లేత వయసు. మిగిలిన సగానికి బిరడా పెట్టి రేపు రాత్రి మళ్లీ చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం బిరడా చెడగొట్టిందని అర్థం.

పోపుగింజ:
గోంగూర మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నాను. గోంగూర పులుపు ముందు వైన్ పులుపు ఓడిపోతుంది, వైన్ చప్పబడిపోతుంది. కారం తగిలితే వగరు రెట్టింపు అనిపిస్తుంది, మద్యం గొంతులో మండుతుంది. తప్పు గోంగూరదీ కాదు, ఈ వైన్ చేసే పినో న్వార్ ద్రాక్షదీ కాదు, వాటికి పొత్తు కుదరదు అంతే. ఈ ద్రాక్ష తొక్క పలచన, అందుకే రంగు కూడా పలచన. రంగు చూసి నీళ్లు కలిపారని అనుకోవద్దు. రేపు నెయ్యిలో పుట్టగొడుగులు వేయించి, మిరియాలు కొద్దిగా చల్లి పక్కన పెట్టుకోండి. బర్గండీవాళ్లు మాంసాన్ని ఈ ఎర్ర వైన్‌లోనే గంటల తరబడి ఉడికిస్తారు, దానిలోనూ పుట్టగొడుగులు వేస్తారు. మట్టి వాసన మట్టి వాసనను పిలుస్తుంది. మన చేపల పులుసు, ఆవకాయ పెట్టి వైన్‌ను తిట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ.

గరోన్ గాలి:
గ్రాం క్రూ అని రాసి ఉంటే నాణ్యత ఖాయం. 1855లో వైన్ గృహాలకు శ్రేణులు ఇచ్చారు, అవి నేటికీ నడుస్తున్నాయి. కాబట్టి లోపం నిల్వలోనే ఉంది.

మట్టివాసన:
లేదండీ. మీరు చెప్పేది ఫ్రాన్సులోనే మరో వైన్ ప్రాంతమైన బోర్దో సంగతి. అక్కడ 1855 శ్రేణి ఇచ్చింది షాతో, అంటే వైన్ గృహం, పేరుకు. ఆ షాతో పక్క పొలం కొని కలుపుకున్నా శ్రేణి పోదు. బర్గండీలో హోదా నేలది. క్లో ద వూజో గోడ లోపలి సాళ్లు 1937లో గ్రాం క్రూ అయ్యాయి. వాటిని ఎవరు కొన్నా, ఎవరు పాడుచేసినా హోదా నేలతోనే ఉంటుంది. గోడ బయట కొద్ది దూరంలో పండినది ఒక మెట్టు కింది శ్రేణి అయిన వూజో ప్రెమియే క్రూ, లేదా ఊరి పేరుతో వచ్చే వూజో. 2015లో యునెస్కో కూడా ఇలాంటి బర్గండీ చెక్కలను గుర్తించింది. రెండు ప్రాంతాల పద్ధతులను కలిపేస్తే కొత్తవాళ్లు మోసపోతారు.

గరోన్ గాలి:
బోర్దో పక్కన సెయింట్ ఎమిలియన్‌లో కూడా గ్రాం క్రూ అనే మాట ఉంది. అక్కడ అది ఎందరికో దక్కుతుంది. అంటే ఆ మాటకు ఒక్కో ఊళ్లో ఒక్కో విలువ అన్నమాటేగా? మీరు చెప్పే హోదా నాణ్యతకు హామీ కాదని మీరే ఒప్పుకుంటున్నారు.

మట్టివాసన:
హామీ అని నేను ఎక్కడా అనలేదు.

పాతసీసా:
ప్రశ్న వూజో గురించి.

కోతకూలీ:
బర్గండీలోని దిజోన్‌లో చదువుకునేటప్పుడు ఆ పక్క ఊళ్లలో సెప్టెంబరు కోతకు వెళ్లాను, అందుకే నేల గురించి చెబుతాను. దిజోన్ నుంచి బోన్ వైపు పోయే డీ 974 రోడ్డు ఉంది కదా, మిగతా గ్రాం క్రూలు చాలావరకు ఆ రోడ్డుకు దూరంగా వాలు మధ్యలో ఉంటాయి. క్లో ద వూజో మాత్రం వాలు మీది నుంచి రోడ్డు దాకా దిగి వస్తుంది. పై భాగం తోట లోపలున్న షాతో భవనం చుట్టుపక్కల. అక్కడ మట్టి లోతు తక్కువ, సున్నపురాయి ముక్కలు కాలికి తగులుతాయి, వాన పడితే నీరు ఇంకిపోతుంది. ఆ పైన గోడ ఆవల మ్యూజిన్యీ తోట, దక్షిణాన గ్రాంజ్ ఎషెజో తోట. కిందికి వస్తున్నకొద్దీ బంకమన్ను చిక్కబడుతుంది, రోడ్డు దగ్గర వాన తర్వాత బూటు లాగితే రాదు. వేరు తడిలో ఉంటే కాయ నీరు పడుతుంది, రుచి పలచబడుతుంది. పై భాగం వైన్ పోప్‌లకు, మధ్యది బిషప్పులకు, కిందిది సన్యాసులకు అని అక్కడ ఒక మాట చెప్పుకుంటారు. నిజానికి సన్యాసులు అన్నీ కలిపేవారని కూడా అంటారు, నాకైతే కలిపారన్నదే సబబుగా తోస్తుంది. పైదానికి సొగసు, కిందిదానికి కండ, రెండూ కలిస్తేనే నిండుదనం. ఇప్పుడు 80 చేతుల్లో పడ్డాక కలిపే అవకాశం ఎవరికుంది?

అయితే కింది సాళ్లు పట్టుకుని మంచి వైన్ తీసేవాళ్లూ ఉన్నారు. కాయలు తగ్గించి, కుళ్లినవి ఏరి పారేసి, పండే దాకా ఓపిక పడితే బంకమన్ను కూడా మాట వింటుంది. ఎండలు ముదిరిన సంవత్సరాల్లో ఆ తడే తీగను కాపాడుతుంది. 2021 అలాంటిది కాదు, ఏప్రిల్‌లో మంచు మొగ్గలను కాల్చేసింది, వేసవి చల్లగా వానగా గడిచింది. ఆ ఏడాది పలచని రంగు, పులుపు సహజం. కాబట్టి రోన్‌తీరం గారూ, లేబుల్ మీద తోట పేరు కింద చిన్న అక్షరాల్లో చెక్క పేరు ఏమైనా ఉందా? గ్రాం మోపెర్త్వి అనో మరొకటో? అది ఉంటే పైదో కిందిదో చెప్పవచ్చు. లేకపోతే నిర్మాత పేరే దారి.

మట్టివాసన:
చాలా బాగా చెప్పారు. ఆ బంకమన్నుకు తగిన అంటు వేరు ఏదో ఎంచుకోవడం మీదే సగం ఆధారపడి ఉంటుంది, అందుకే నేను పురుగు సంగతి ఎత్తాను.

గరోన్ గాలి:
మంచు కాల్చిన ఏడాది గ్రాం క్రూ ధర తగ్గించరు, అది అన్యాయం. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

రోన్‌తీరం:
చెక్క పేరేమీ లేదు. రాత్రి మిగిలిన సగం చల్లదనం తగ్గాక తాగాం, పుట్టగొడుగులతో. చెర్రీ వాసన వచ్చింది, తడి ఆకుల వాసన కూడా. వగరు తగ్గింది, పులుపు అలాగే ఉంది. ఇచ్చినాయనను సాళ్లు ఎక్కడివో అడుగుతాను. అందరికీ ధన్యవాదాలు.

పోపుగింజ:
పుట్టగొడుగులు ఏ రకం వాడారు?

గరోన్ గాలి:
నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.