ఉపన్యాసం: మనకు ప్రసంగం, హిందీలో నవల. ఎలా?

పదనిస:
ప్రేమ్‌చంద్‌ని హిందీవాళ్లు ఉపన్యాస్ సమ్రాట్ అంటారు కదా. తెలుగు చెవికి అది మైకు వదలని మనిషికి ఇచ్చిన బిరుదులా వినిపిస్తుంది. అక్కడ ఉపన్యాస్ అంటే నవల అని నాకు తెలుసు, నా డౌట్ అది కాదు. రెండు భాషలూ తీసుకున్నది సంస్కృతం నుంచే, మాటా ఒకటే, మరి ఒకచోట ప్రసంగం ఇంకోచోట నవల ఎలా అయిందనేది నా ప్రశ్న. హిందీ ఫ్రెండ్ ఒకడు అర్థం మార్చేసింది మీరే అంటాడు, నేను మీరే అంటాను, ఎంతకీ తేలట్లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. "వాళ్లకేం తెలుసు" టైపు జవాబులు మాత్రం వద్దు.

ఏకవాక్యం:
ఇందులో తేలకపోవడానికి ఏముందండీ, మనదే కరెక్ట్. కన్నడలో ఉపన్యాస అంటే ప్రసంగమే. తమిళంలోనూ రామాయణ ఉపన్యాసం అంటే ఒకరు కూర్చుని చెప్పేదే కానీ చదివే పుస్తకం కాదు.

అటకమీది పుస్తకం:
ఏకవాక్యం గారూ, ఓట్లు లెక్కపెట్టి అర్థం తేల్చేట్టయితే బెంగాలీ, ఒడియా, అస్సామీ, నేపాలీ అన్నీ హిందీ పక్షమే, మనం డిపాజిట్ కోల్పోతాం. పైగా మలయాళం ఏ జట్టులోనూ లేదు. అక్కడ ఉపన్యాసం అంటే వ్యాసం, స్కూల్లో పిల్లలచేత రాయిస్తారే, అది.

అసలు సంగతి ధాతువులో ఉంది. 'అస్' అంటే విసరడం, వేయడం. దానికి 'ని' చేరితే కింద పెట్టడం, ఉంచడం, అదే న్యాసం. పూజ చేసేవాళ్లకు అంగన్యాస కరన్యాసాలు తెలిసే ఉంటాయి. మంత్రం చదువుతూ గుండెనో, తలనో, వేళ్లనో తాకడం, అంటే ఆ మంత్రాన్ని ఆ చోట ఉంచడం అన్నమాట. ఇంకొకరి దగ్గర దాచమని ఉంచిన సొమ్మునీ సంస్కృతంలో న్యాసమే అంటారు. హిందీలో ట్రస్టుని న్యాస్ అనడం అందుకే, నేషనల్ బుక్ ట్రస్ట్ హిందీ పేరు రాష్ట్రీయ పుస్తక్ న్యాస్.

ఇప్పుడు 'ఉప' చేర్చండి. దగ్గరగా ఉంచడం. మాట విషయంలో అయితే ఎదుటివాళ్ల ముందు ఒక విషయం పెట్టడం. "ఓ మాట మీ ముందు ఉంచుతున్నాను" అంటాం చూడండి, అచ్చం అదే. అమరకోశంలో 'ఉపన్యాసస్తు వాఙ్ముఖమ్' అని ఉంది, అంటే మాటకు మొదలు, ప్రస్తావన లాంటిది. నాట్యశాస్త్రం చూస్తే నాటక కథలో ప్రతిముఖ సంధి అనే దశకు చెప్పిన అంగాల్లో ఉపన్యాసం కూడా ఒకటి. గంటసేపు మాట్లాడటమనో, మూడొందల పేజీల కథ అనో పాత అర్థాల్లో ఎక్కడా లేదు. కాబట్టి మీరిద్దరూ మార్చినవాళ్లే, మీ ఫ్రెండ్‌తో రాజీ పడిపోండి.

అన్నట్టు విన్యాసం, సన్న్యాసం (రెండు 'న'లతో రాయాలి, రాసేవాళ్లు తక్కువ), వ్యాసం, సమాసం, అభ్యాసం అన్నీ ఈ 'అస్' పిల్లలే. సన్న్యాసం అంటే అన్నీ కింద పెట్టేయడం. సమాసం అంటే కలిపి పెట్టడం, వ్యాసం అంటే విడదీసి పరచడం.

పదనిస:
బాగుందండీ, కరన్యాసం దగ్గర లైటు వెలిగింది. కానీ ముందు పెట్టడం నుంచి ప్రసంగానికి రావడం అర్థమవుతోంది, నవలకి ఎలా వెళ్లారు?

గంగాళం:
అది బెంగాలీ పని. అరేబియన్ నైట్స్‌ని బెంగాలీలో ఆరబ్య ఉపన్యాస్ అంటారు. అంటే అల్లి చెప్పిన కథ అనే అర్థం అక్కడ కుదురుకుంది. 1865లో బంకించంద్ర నవల దుర్గేశనందిని వచ్చి, కొత్తరకం పెద్ద కథలు ఊపందుకున్నాక వాటికీ ఆ పేరే స్థిరపడింది. హిందీవాళ్లు బెంగాలీ నవలల్ని బోలెడు అనువదించుకున్నారు, పుస్తకాలతోపాటు పేరూ వచ్చింది. హిందీలో తొలి నవలగా ఎక్కువమంది చెప్పే పరీక్షా గురు 1882 నాటిది.

మన దగ్గర వరస వేరు. రాజశేఖర చరిత్రాన్ని వీరేశలింగం 1878లో రాసినప్పుడు వచన ప్రబంధం అన్నారు. నవల అనే మాట తర్వాత వచ్చింది, ఇంగ్లీషు మాటకు దగ్గరగా ఉంటూ, 'నవ' అంటే కొత్త అని కూడా తోచేలా. (పాత తెలుగులో నవల అంటే ఆడమనిషి. ఎవరికీ అడ్డం రాలేదు పాపం.) ఆ రోజుల్లో సంస్కర్తలు సభల్లో చేసే ప్రసంగాలను ఉపన్యాసాలనే అనేవారు, ఇక ఆ మాటని కథలకి ఇచ్చే అవసరం ఏముంది? కన్నడ, మరాఠీ వాళ్లయితే బాణుడి కావ్యం పేరే తీసుకుని నవలని కాదంబరి అన్నారు. నన్నడిగితే అన్నిట్లోకీ అందమైన పేరు అదే, మనం వదులుకున్నాం.

ఏకవాక్యం:
సరే, ఓట్ల లెక్క వెనక్కి తీసుకుంటున్నా. మరి హిందీలో మన ఉపన్యాసాన్ని ఏమంటారు?

గంగాళం:
భాషణ్, లేదా వ్యాఖ్యాన్. లెక్చరర్ అయితే వ్యాఖ్యాతా. మనకేమో వ్యాఖ్యానం అంటే పద్యానికి రాసేది, వ్యాఖ్యాత అంటే క్రికెట్ మ్యాచ్‌లో మాట్లాడే మనిషి. మన కాలేజీ ఉపన్యాసకుణ్ణి హిందీవాళ్లకి అలాగే పరిచయం చేస్తే ఏ నవలలు రాశారని అడుగుతారు, ఎందుకంటే ఉపన్యాస్‌కార్ అంటే నవలాకారుడు.

పదనిస:
ఇది మా వాడికి ఇప్పుడే పంపా. "మరి అనుమానం సంగతేంటి, మాకు అంచనా, మీకు డౌట్" అని వెంటనే ఇంకోటి విసిరాడు.

అటకమీది పుస్తకం:
దానికి వేరే థ్రెడ్ పెట్టండి. పొగని చూసి నిప్పుందని తేల్చే తర్కశాస్త్రం దగ్గర మొదలుపెట్టాలి, ఇక్కడ పట్టదు.