విండోస్ పోకుండా ఉబుంటు వేసుకోవాలి. ఇంట్లో చేసుకున్నవాళ్లు చెప్పండి

అక్కయ్యపాలెం డీటీపీ:
నమస్కారం అండీ. ఇంట్లోనే శుభలేఖలు, కరపత్రాలు టైపు చేసి ఇస్తుంటాను. తెలుగు టైపింగ్‌కు అను స్క్రిప్ట్, పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్ లేకపోతే నాకు పని లేదు, అవి రెండూ విండోస్‌లోనే. మా అమ్మాయికి కాలేజీలో సి, పైథాన్ ల్యాబులు ఉబుంటు (విండోస్ లాంటి ఇంకో సిస్టమ్) మీదే చేయిస్తున్నారు, ఇంట్లోనూ అదే కావాలంటోంది. ఉన్నది ఒక్కటే డెస్క్‌టాప్. ఐ5 ఆరో తరం, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్ఎస్‌డీ, పాత 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. ద్వారకానగర్‌లో ఒక షాపులో అడిగితే మొత్తం ఫార్మాట్ చేసి రెండూ కొత్తగా వేస్తామన్నారు. పదేళ్ల కస్టమర్ల ఫైళ్లు ఇందులోనే ఉన్నాయి. ఆ మాట విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఫార్మాట్ లేకుండా కుదరదా?

ఎన్ఏడీ మాస్టారు:
కుదురుతుందమ్మా, ఫార్మాట్ అక్కర్లేదు. విండోస్ ముందే ఉండి, ఉబుంటు తర్వాత వస్తే ఇబ్బంది తక్కువ. విండోస్‌ను తర్వాత వేస్తే అది బూట్‌లో, అంటే కంప్యూటర్ లేచేటప్పుడు, తనను తానే ముందు పెట్టుకుంటుంది, ఏది తెరవాలో అడిగే ఉబుంటు మెనూ కనపడకుండా పోతుంది. మీది సరైన వరుసలోనే ఉంది.

నేను మా ఇంట్లో, చుట్టాల ఇళ్లలో ఇప్పటికి పది, పన్నెండు మెషీన్లకు చేశాను. ఉబుంటు ఎక్కించడం అరగంట పని. చెడినవన్నీ దానికి ముందు విండోస్‌లో చేయాల్సిన పనులు చేయక చెడినవే. మొదట ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి, అను ఫాంట్ల ఫోల్డర్‌తో సహా. కాపీ అయిందని ఊరుకోకుండా, నాలుగైదు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. రెండోది, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు ఉబుంటులో మీ హార్డ్‌డిస్క్ తెరుచుకుంటుంది కానీ అందులో ఏదీ సేవ్ కాదు. మూడోది, విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్ఇన్‌ఫో32 అని కొట్టండి. బయాస్ మోడ్ వరుసలో యూఈఎఫ్ఐ అని ఉందో లెగసీ అని ఉందో ఇక్కడ చెప్పండి, అవి కంప్యూటర్ లేచే రెండు పద్ధతులు. విండోస్ ఏ పద్ధతిలో ఉంటే ఉబుంటు ఎక్కించే పెన్‌డ్రైవ్‌ను కూడా అదే పద్ధతిలో బూట్ చేయాలి. లేకపోతే రెండూ ఒకే మెనూలోకి రావు.

మధురవాడ నుంచి:
మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. అక్కది విండోస్ 10 కాబట్టి తనకు వర్తించకపోవచ్చు, కొత్త ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లు మాత్రం తప్పక చదవండి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే డేటా తెరుచుకోని తాళం) మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. నేను బయాస్‌లోకి (విండోస్ లేవకముందే వచ్చే సెట్టింగుల్లోకి) వెళ్లి సెక్యూర్ బూట్ అనే రక్షణ ఆపాను, అంతే. ల్యాప్‌టాప్ మళ్లీ ఆన్ చేస్తే నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, నాదేమో ఎప్పుడో మానేసిన పాత మెయిల్‌తో తెరిచిన అకౌంట్. దాని పాస్‌వర్డ్ తిరిగి సంపాదించేసరికి తెల్లారింది. మా పాప చిన్నప్పటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, ఆ రాత్రి ఎలా గడిచిందో నాకే తెలుసు. బయాస్ ముట్టుకోకముందే ఆ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

కంచరపాలెం కుర్రాడు:
నాకు వేరే సమస్య. ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనపడలేదు. బయాస్‌లో డిస్క్ నడిచే పద్ధతి ఇంటెల్ ఆర్ఎస్‌టీ అని ఉంది, దాన్ని ఏహెచ్‌సీఐ అనే పద్ధతికి మార్చాలి. నేరుగా మార్చేస్తే విండోస్ లేవదు. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా పెట్టి, బయాస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక మామూలుకు తెచ్చుకోవాలి. ఇంకోటి, పెన్‌డ్రైవ్ 8 జీబీదైనా ఉండాలి. ఉబుంటు 24.04 ఫైల్ 4 జీబీలో పట్టదు.

అక్కయ్యపాలెం డీటీపీ:
చూశానండీ, లెగసీ అని ఉంది. ఎస్ఎస్‌డీలో 70 జీబీ ఖాళీ. హార్డ్‌డిస్క్‌లో చాలా ఖాళీ ఉంది, అందులో పార్టిషన్ (డిస్క్‌లోని భాగం) జరిపి ఉబుంటు వేయవచ్చా?

గాజువాక వాసి:
వద్దమ్మా, దయచేసి వద్దు. నేను అదే చేశాను. జీపార్టెడ్ అనే ప్రోగ్రామ్‌తో 200 జీబీ పార్టిషన్ వెనక్కి జరుపుతుంటే గాలివానకు కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ అంతకుముందే పాడైతే రేపు మార్పిద్దాంలే అని వదిలేశాను. పార్టిషన్ జరిపేటప్పుడు డేటా అంతా ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదులుతుంది, మధ్యలో ఆగితే పాతచోటా లేదు, కొత్తచోటా లేదు. మా నాన్నగారి పెన్షన్ కాగితాల స్కాన్‌లు పోయాయి. కొన్నింటికి మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మన విశాఖ, అక్టోబర్, నవంబర్‌లలో యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోకండి.

మీకు నా సలహా, ఉబుంటుకు ఇంకో చిన్న ఎస్ఎస్‌డీ కొనండి. విండోస్ డిస్క్, హార్డ్‌డిస్క్ రెండింటి వైర్లూ పీకేసి, కొత్తదాని మీద ఇన్‌స్టాల్ చేసి, తర్వాత వైర్లు పెట్టేయండి. పొరపాటున ఏ బటన్ నొక్కినా మీ ఫైళ్లకు ఏమీ కాదు.

మధురవాడ నుంచి:
సి, పైథాన్‌కే అయితే వర్చువల్‌బాక్స్ (విండోస్‌లోనే ఉబుంటును నడిపే ప్రోగ్రామ్) సరిపోదా? డిస్క్ కొనక్కర్లేదు.

ఎన్ఏడీ మాస్టారు:
8 జీబీ ర్యామ్‌ను రెండు సిస్టమ్‌లు పంచుకుంటే రెండూ నెమ్మదిస్తాయి. గాజువాక వారి దారే మంచిది. వైర్లు పీకి వేస్తే మెనూలో విండోస్ రాదు. వైర్లు పెట్టాక ఉబుంటులో గ్రబ్ (ఆ మెనూ చూపించే ప్రోగ్రామ్) సెట్టింగుల ఫైల్‌లో, వేరే సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్‌ను ఆన్ చేసి, అప్‌డేట్-గ్రబ్ కొడితే వస్తుంది. కొత్త గ్రబ్‌లో అది ఆఫ్‌లో ఉంటుంది, చాలామంది ఇక్కడే విండోస్ పోయిందని కంగారు పడతారు.

ఇంకో మాట. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు, ముగిసింది. మీ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. అందుకని బ్యాంకు పనులు, మెయిల్ ఉబుంటులో చూసుకోండి, విండోస్‌ను టైపింగ్‌కే ఉంచండి.

అక్కయ్యపాలెం డీటీపీ:
ఆదివారం చేశామండీ, నేనూ మా అమ్మాయీ. 240 జీబీ కొత్తది కొన్నాం. వైర్లు పీకేటప్పుడు ఏది ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకున్నాం. మాస్టారు చెప్పినట్టు చేస్తే మెనూలో రెండూ వచ్చాయి. రెండు సందేహాలు. ఉదయం పదిన్నరకు విండోస్ తెరిస్తే గడియారం 5 గంటలు చూపిస్తోంది. ఉబుంటులో నా పాత ఫైళ్లు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి. పాడయ్యాయా?

కంచరపాలెం కుర్రాడు:
పాడవలేదు మేడమ్. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు పెట్టుకున్నవి. ఫాంట్ లేనిచోట అలాగే కనిపిస్తుంది. ఉబుంటులో సేవ్ చేయకుండా మూసేయండి. టైము సంగతి, ఉబుంటు మదర్‌బోర్డు గడియారంలో అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. అందుకే సరిగ్గా ఐదున్నర గంటల తేడా. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఒక్కసారి ఇస్తే చాలు.

అక్కయ్యపాలెం డీటీపీ:
ఇచ్చాను, సరిపోయింది. రేపు ఇవ్వాల్సిన శుభలేఖ ఒకటి తెరిచి చూశాను, అక్షరం చెక్కుచెదరలేదు. అందరికీ చాలా చాలా థ్యాంక్సండీ.