ఆర్థర్ అలెగ్జాండర్‌ని తలుచుకోవాలంటే బీటిల్స్ పేరు ఎత్తాల్సిందేనా?

పాత_క్యాసెట్:
1993 జూన్ 9న నాష్‌విల్‌లో పోయాడు అమెరికన్ గాయకుడు, పాటల రచయిత ఆర్థర్ అలెగ్జాండర్. 53 ఏళ్లకే. ఏటా ఆ రోజున కనబడేది ఒకటే మాట: బీటిల్స్, రోలింగ్ స్టోన్స్ బ్యాండ్లు, బాబ్ డిలన్ ఈయన పాటలు పాడారని. ఆయన ఎలా పాడాడో మాత్రం ఎవరికీ పట్టదు. పోయాక కూడా పక్కవాళ్ల పేరుతోనే పరిచయమా?

గోదారి_గట్టు:
ఆ మాటే లేకపోతే ఆయనెవరో నాకు తెలిసేదే కాదు. బీటిల్స్ 1963 ఆల్బమ్‌లో ‘అన్నా’ విని (మన అన్నయ్య కాదు, అమ్మాయి పేరు!) వాళ్ల సొంత పాటే అనుకున్నా చాన్నాళ్లు. అట్ట మీద చిన్నక్షరాల్లో ఉన్న పేరు పట్టుకుని వెతికా. ఆ దారి మూసేస్తే ఎలా?

పాత_క్యాసెట్:
మూయమనలేదు. గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారంటున్నా. ఇద్దరి ‘అన్నా’ వెంటవెంటనే వినండి. బీటిల్స్‌లో ఆ పాట పాడిన జాన్ లెనన్ గొంతు చించుకుంటాడు, బాగుంటుంది, కాదనను. కానీ వదిలి వెళ్తానన్న పిల్లతో ‘ఉంగరం ఇచ్చేసి వెళ్లు’ అనే పాట అది. అరిస్తే అందులో కోపం వినబడుతుంది. అలెగ్జాండర్ అరవడు. నెమ్మదిగా, దాదాపు మర్యాదగా చెప్తాడు. వినేవాడికి అక్కడే గుండె పిండేసినట్టుంటుంది.

రాత్రి_రేడియో:
కంట్రీ సోల్ అంటే అదే కదా. కంట్రీ పాటలా కథ చెప్పడం, గొంతు మాత్రం సోల్, అంటే నల్లజాతి చర్చి పాటల్లోంచి వచ్చిన పద్ధతి. అలబామాలో హోటల్ సామాన్లు మోసిన నల్లజాతి కుర్రాడు, అక్కడి మజిల్ షోల్స్ ఊళ్లో పాత పొగాకు గోదాములోని స్టూడియోలో నిర్మాత రిక్ హాల్ దగ్గర ‘యు బెటర్ మూవ్ ఆన్’ రికార్డు చేశాడు. 1962లో అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో 24వ స్థానం. ఆ పాట డబ్బుతోనే హాల్ కొత్త ఫేమ్ స్టూడియో కట్టాడు. తర్వాత విల్సన్ పికెట్, అరీతా ఫ్రాంక్లిన్ లాంటి సోల్ గాయకులు వచ్చి పాడింది ఆ గోడల మధ్యే. పేరు చెప్పాలంటే బీటిల్స్ ఊరు లివర్‌పూల్ కాదు, మజిల్ షోల్స్ చెప్పండి.

గోదారి_గట్టు:
ఊరికి పేరొచ్చింది, మరి ఆయనకి? క్లీవ్‌లాండ్‌లో బస్సు తోలుకుంటూ బతికాడు. అంతమంది పాడిన పాటలకి రావాల్సిన డబ్బు సరిగ్గా చేతికి రాలేదు. కాబట్టి ‘బీటిల్స్ పాడారు’ అని చెప్పడం తప్పు కాదు, అక్కడితో ఆపేయడం తప్పు. పాడారు, ఈయన బస్సు తోలాడు, అని రెండూ కలిపి చెప్పాలి.

పాత_క్యాసెట్:
అది ఒప్పుకుంటా. కానీ జాలి కథగా కూడా మార్చొద్దు. 1993లో ‘లోన్లీ జస్ట్ లైక్ మీ’ ఆల్బమ్‌తో తిరిగొచ్చాడు, గొంతు ఏమాత్రం మసకబారలేదు. కాస్త పేరొస్తుండగానే గుండె ఆగింది.

గోదారి_గట్టు:
ఇప్పుడే రెండు ‘అన్నా’లూ విన్నా. నాకు ఇప్పటికీ లెనన్‌దే ఇష్టం, ఏమనుకున్నా సరే. కాకపోతే రెండోసారి పెట్టుకున్నది ఈయనది.