కోచ్ ప్రత్యర్థి కళాశాలకు వెళ్లిపోయారు, జట్టును ఎలా నిలబెట్టుకోవాలి?

ప్రశ్న (గుంతకల్లు ప్రాంతం, పాత క్యాచర్)

అందరికీ నమస్కారం. గుంతకల్లు దగ్గర ఒక చిన్న ప్రైవేటు డిగ్రీ కళాశాలలో చదువుకునే రోజుల్లో నేను బేస్‌బాల్ జట్టుకు క్యాచర్‌గా (బ్యాటర్ వెనుక కూర్చుని బంతి అందుకునేవాడిగా) ఆడాను. ఇప్పుడు అదే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు పిల్లల ప్రాక్టీసుకు తోడుగా ఉంటున్నాను. ఈ జట్టును మొదటినుంచీ తయారుచేసిన ఫిజికల్ డైరెక్టర్ సారు ఈ వేసవిలో మా కళాశాల వదిలి, ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో దాదాపు ఏటా మాకు ఎదురుపడే పక్క ఊరి కళాశాలలో చేరారు. ఆయనను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇక్కడ ఏడాదికి పది నెలల జీతమే ఇచ్చేవారు, అక్కడ పన్నెండు నెలలకూ ఇస్తున్నారు. చదువుకునే పిల్లలున్న ఇంటికి ఆ రెండు నెలల తేడా చిన్నదేమీ కాదు.

ఆయన స్థానంలో వచ్చిన సారు కబడ్డీ మనిషి. మంచివారే గానీ, చేతికి గ్లోవ్ తొడుక్కున్న అనుభవం ఆయనకు లేదు. బంతి వేసే మా పిచర్, రెండో మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసే షార్ట్‌స్టాప్ ఇద్దరూ రెండో సంవత్సరం పిల్లలు. టీసీ తీసుకుని పాత సారు దగ్గరికి వెళ్లిపోతామంటున్నారు. మొన్న ఆ కళాశాలతో స్నేహపూర్వకంగా ఒక మ్యాచ్ పెట్టుకుంటే, మా పిల్లల్లో కొందరు పాత సారును చూసి "ద్రోహి" అని కేకలు వేశారు. ఆయన తల వంచుకుని స్కోర్‌బుక్‌లో రాసుకుంటూ ఉండిపోయారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వెళ్తామంటున్న ఆ ఇద్దరినీ ఆపాలా, పంపాలా? కొత్త సారుతో కలిసి పనిచేయడం ఎలా? రెండు కళాశాలల మధ్య పోటీ పగగా మారకుండా ఏం చేయాలి? అమెరికాలో చిన్న చిన్న కళాశాలలకు కూడా బేస్‌బాల్ జట్లు ఉంటాయని, అక్కడ కోచ్‌లు మారుతూనే ఉంటారని విన్నాను. అక్కడి సంగతి తెలిసినవారు ఉంటే అదీ చెప్పండి.

మొదటి సమాధానం (కర్నూలు, విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్)

నాయనా, ముందు ఆ కబడ్డీ సారు గురించి మాట్లాడతాను. మన ప్రాంతంలో బేస్‌బాల్ నేర్పినవాళ్లలో చాలామంది క్రికెట్ నుంచో, సాఫ్ట్‌బాల్ నుంచో, అథ్లెటిక్స్ నుంచో వచ్చినవాళ్లే. ఆట తెలియకపోవడం పెద్ద లోపం కాదు, నేర్చుకోవచ్చు. ఎంట్రీ ఫారాలు గడువులోగా పంపడం, విద్యార్థుల అర్హత పత్రాల మీద ప్రిన్సిపాల్ సంతకం పెట్టించడం, టీఏ డీఏ బిల్లులు ఆగిపోకుండా చూడటం, మైదానాన్ని వాలీబాల్ వాళ్లతో గొడవ లేకుండా పంచుకోవడం ఆయనకు వచ్చిన పనులే. ఇవి సరిగ్గా జరగక ఇంటిదగ్గరే ఆగిపోయిన మంచి జట్లను నా సర్వీసులో చూశాను. ఆ పనులు ఆయన చూసుకుంటే, ఆట సంగతి నువ్వు చూసుకో. పిల్లల ముందు ఆయనకు దక్కాల్సిన గౌరవం తగ్గకుండా చూడటం కూడా నీ బాధ్యతే అనుకో.

కోచ్ మారినప్పుడు నేను భయపడేది ఒక్క దాని గురించి: పిచర్ చెయ్యి. మన ఇంటర్ కాలేజియేట్ పోటీలు నాకౌట్ పద్ధతిలో రెండు మూడు రోజుల్లో ముగిసిపోతాయి. చిన్న కళాశాలకు నమ్మదగిన పిచర్ ఒక్కడే ఉంటాడు, ప్రతి మ్యాచ్‌లోనూ వాడే బంతి వేస్తాడు. ఏ పిల్లవాడికి మోచేయి లోపలివైపు నొప్పి వస్తుందో, ఎవడు నొప్పి దాచిపెట్టి వేస్తాడో పాత కోచ్‌కు తెలిసి ఉంటుంది. ఆయన వెళ్లిపోతే ఆ సమాచారమంతా ఆయనతోనే పోతుంది. కొత్తగా వచ్చినవారు వేగం చూసి సంతోషపడి ఇంకో రెండు ఇన్నింగ్స్ వేయమంటారు. పిల్లవాడు కూడా కొత్త సారు మెప్పు కోసం కాదనడు.

అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి పిచ్ స్మార్ట్ పేరుతో ఒక మార్గదర్శిని ఇచ్చాయి. అందులో 17, 18 ఏళ్లవారు ఒక రోజులో 105 బంతులకు మించి వేయకూడదని, 19 నుంచి 22 ఏళ్లవారికి 120 హద్దు అని ఉంది. ఒక రోజులో 80 దాటి వేసినవాడికి కనీసం నాలుగు రోజుల విశ్రాంతి ఇవ్వాలి. మన పోటీల తేదీలు మన చేతిలో ఉండవు కాబట్టి దీన్ని అక్షరాలా పాటించడం కష్టం. అందుకే ఇప్పటినుంచే రెండో పిచర్‌ను, వీలైతే మూడోవాణ్ని తయారుచేయి. ఒక పొడుగు రిజిస్టరు కొని తేదీ, పేరు, వేసిన బంతులు, మరునాడు చెయ్యి ఎలా ఉంది అనే నాలుగు గడులు గీయించు. ప్రతి సాయంత్రం రాసే పని బెంచీ మీద కూర్చునే మొదటి సంవత్సరం పిల్లవాడికి అప్పగించు.

ఇంకొక మాట. పాత సారుకు ఫోన్ చేసి, ఈ పిల్లల చేతుల గురించి ఆయనకు తెలిసినదంతా చెప్పమని అడుగు. ఎదుటి జట్టు కోచ్ అయినా చెప్తారు. పిల్లల చెయ్యి విషయంలో దాచుకునే ఫిజికల్ డైరెక్టర్‌ను నేను ఇంతవరకు చూడలేదు.

రెండో సమాధానం (సొంత ఊరు కడప జిల్లా, ప్రస్తుతం ఒహాయో)

అన్నా, మీరు అడిగిన అమెరికా సంగతి నేను చెప్తాను. ఇక్కడ చిన్న కళాశాలల్లో ఎక్కువ భాగం, కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంఘం మూడో డివిజన్‌లో గానీ, ఎన్‌ఏఐఏ అనే మరో సంఘంలో గానీ ఉంటాయి. మూడో డివిజన్‌లో ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. పిల్లవాడు ఆ కళాశాలలో చేరడానికి చదువు ఒక కారణమైతే, కోచ్ ఇంకో పెద్ద కారణం. కాబట్టి కోచ్ వెళ్లిపోతే ఇక్కడి పిల్లలకూ మీ పిల్లలకు కలిగిన దుఃఖమే కలుగుతుంది.

మా రాష్ట్రంలోనే మారియెటా అనే చిన్న కళాశాల ఉంది. అక్కడ డాన్ షేలీ 1964 నుంచి 2003 వరకు నలభై సీజన్లు కోచ్‌గా ఉండి 1,442 మ్యాచ్‌లు గెలిపించారు; 1981, 1983, 1986లలో జాతీయ టైటిళ్లు తెచ్చారు. అలాంటి మనిషి తర్వాత ఆ కుర్చీలో కూర్చోవడం ఎవరికైనా భయమే. అదే కళాశాల పూర్వ విద్యార్థి బ్రయాన్ బ్రూవర్‌కు బాధ్యత ఇచ్చారు. ఆయన హయాంలో 2006, 2011, 2012లలో మళ్లీ మూడు టైటిళ్లు వచ్చాయి. జట్టు పద్ధతులు తెలిసిన మనిషి లోపలే ఉండటం ఎంత బలమో దీన్నిబట్టి తెలుస్తుంది. మీ దగ్గర ఆ మనిషి మీరే. మీకు జీతం, హోదా లేకపోయినా, జట్టు ఎలా నడిచేదో మీ కళ్లముందే జరిగింది.

అయితే కోచ్ మారాక ఫలితం వెంటనే రావాలన్న నియమమేమీ లేదు. ఐడాహో రాష్ట్రంలోని లూయిస్టన్ ఊళ్లో లూయిస్-క్లార్క్ స్టేట్ అనే కళాశాల ఎన్‌ఏఐఏలో 19 టైటిళ్లు గెలిచింది. అందులో 16 ఎడ్ చెఫ్ ఒక్కరి కాలంలోనివే. ఆయన 2010లో తప్పుకున్నాక కొన్నేళ్లు టైటిల్ రాలేదు. 2015, 2016, 2017లలో మాత్రం వరుసగా మూడు వచ్చాయి. మధ్యలో ఉన్న ఆ ఖాళీ సంవత్సరాలను గమనించండి. అంత గొప్ప జట్టు కూడా కోచ్ మారిన వెంటనే పాత స్థాయికి రాలేదు. మీ కబడ్డీ సారును ఈ ఒక్క సీజన్ ఫలితంతో తూచకండి.

కోచ్ సంగతి అలా ఉంచి కళాశాలే మూతపడితే ఏమవుతుందో కూడా ఇక్కడ చూశాం. అలబామాలో 1856లో పుట్టిన బర్మింగ్‌హామ్-సదర్న్ కళాశాల డబ్బు ఇబ్బందులతో 2024 మే 31న శాశ్వతంగా మూతపడింది. సరిగ్గా ఆ రోజే వాళ్ల బేస్‌బాల్ జట్టు మా ఒహాయోలోని ఈస్ట్‌లేక్‌లో మూడో డివిజన్ జాతీయ పోటీల మొదటి మ్యాచ్ ఆడింది. అది ఓడిపోయి, మరునాడు ఒకటి గెలిచి, ఆ తర్వాతి రోజు ఓడి ఇంటిదారి పట్టారు. వాళ్ల కోచ్ జాన్ వైస్‌బర్గ్ చివరి బంతి దాకా పిల్లలతోనే ఉన్నారు. తిరిగి వెళ్లడానికి కళాశాల లేదని తెలిసీ ఆ పిల్లలు అంతదూరం వచ్చి ఆడారంటే, వాళ్లకు జట్టు అంటే పక్కన నిలబడిన తోటివాళ్లే అయి ఉండాలి. ఆ ఇద్దరు పిల్లలతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి చెప్పి చూడండి.

పోటీ విషయానికొస్తే, అమెరికాలో కళాశాలల మధ్య మొట్టమొదటి బేస్‌బాల్ మ్యాచ్ 1859 జులై 1న ఆమ్‌హర్స్ట్, విలియమ్స్ అనే రెండు చిన్న కళాశాలల మధ్య జరిగింది. ఆమ్‌హర్స్ట్ 73-32తో గెలిచింది. మరునాడు అవే రెండు కళాశాలలు చదరంగంలో తలపడ్డాయి, అందులోనూ ఆమ్‌హర్స్టే నెగ్గింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ రెండూ ప్రత్యర్థులే. నేటికీ ఒకే కాన్ఫరెన్స్‌లో (కళాశాలల పోటీ కూటమిలో) ఉండి ఏటా ఆడుకుంటున్నాయి. అంత పాత ప్రత్యర్థి ఉండటం వాళ్లకు గర్వకారణం.

మూడో సమాధానం (అనంతపురం, మాజీ క్రీడాకారిణి)

పై సమాధానాలన్నీ చదివాను. వెళ్తామంటున్న పిల్లల విషయంలో ఒహాయో అన్నతో నేను పూర్తిగా ఏకీభవించను. జట్టు మీద ప్రేమ గురించి ఎంత చెప్పినా, డిగ్రీ మధ్యలో కళాశాల మారితే ఏం పోతుందో ముందు చెప్పాలి. ఆ కోర్సు, ఆ గ్రూపు అక్కడ ఉందా, ఇక్కడ కట్టిన ఫీజు ఏమవుతుంది, హాజరు ఎలా లెక్కపెడతారు, మారిన సంవత్సరంలో ఆడటానికి విశ్వవిద్యాలయం స్పోర్ట్స్ బోర్డు ఒప్పుకుంటుందా అనేవన్నీ ఆ పిల్లల అమ్మానాన్నల ఎదుట కూర్చుని తేల్చుకోండి. ఇవన్నీ తెలుసుకున్నాక కూడా వెళ్తామంటే మంచి మాటలతో పంపండి. బలవంతంగా ఆపిన ఆటగాడితో జట్టుకు మేలు జరగదు.

"ద్రోహి" అన్న కేక గురించి మాత్రం నాకు గట్టిగా చెప్పాలని ఉంది. మీ రెండు కళాశాలలూ శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కిందే ఉన్నాయి. ఇంటర్ కాలేజియేట్ పోటీలు ముగిసిన వెంటనే వాటిలో రాణించినవాళ్లను పిలిచి విశ్వవిద్యాలయం జట్టును ఎంపిక చేస్తారు. ఆ రోజు రెండో బేస్ (రన్నర్ వరుసగా చేరాల్సిన గుర్తుల్లో రెండోది) కాచే మీ పిల్లవాడు, వాళ్ల షార్ట్‌స్టాప్ పక్కపక్కన నిలబడాలి. బంతి నేలమీద దూసుకొచ్చినప్పుడు షార్ట్‌స్టాప్ అందుకుని, అప్పటికింకా బేస్ మీదికి చేరని మీ పిల్లవాడి ఛాతీ ఎత్తుకు, వాడు వస్తాడన్న నమ్మకంతో విసరాలి. వాడు బేస్ తొక్కి, మీదికి జారుకుంటూ వస్తున్న రన్నర్‌ను తప్పించుకుని మొదటి బేస్‌కు వేయాలి. అప్పుడే ఇద్దరు అవుటవుతారు. నెల క్రితం ఒకరినొకరు తిట్టుకున్న పిల్లల మధ్య ఆ నమ్మకం కుదరదు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో మన జట్లు మొదటి రెండు మూడు రోజులు తడబడటం నేను దగ్గరుండి చూశాను, ముఖ్య కారణం ఇదే. పైగా ఆ విశ్వవిద్యాలయం జట్టుకు మేనేజరుగానో కోచ్‌గానో మీ పాత సారునే పంపవచ్చు. అప్పుడు మీ పిల్లలు ఆయన ముందు నిలబడాలి కదా.

కర్నూలు సారుకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు కర్నూలు జిల్లా కళాశాలలు కూడా ఇదే విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక అటువాళ్లు వేరే జట్టయ్యారు. అంతకుముందు కలిసి ఆడినవాళ్లు తర్వాత ఎదురెదురుగా ఆడారు. సెలెక్షన్లలో మంచివాళ్లను వదులుకోకపోతే చాలు, ప్రత్యర్థులు మారుతూ ఉంటారు.

ఇంకొకటి అడగాలి. మీ కళాశాలలో అమ్మాయిల జట్టు ఉందా? ఉంటే, పాత సారు వెళ్లాక వాళ్లు ప్రాక్టీసుకు వస్తున్నారా? కోచ్ మారినప్పుడు ముందుగా ఆగిపోయేది అమ్మాయిల ఆటే. అబ్బాయిలు సొంతంగానైనా మైదానానికి వస్తారు. అమ్మాయిల ఇళ్లలో మాత్రం తెలిసిన సారు ఉన్నారన్న భరోసాతోనే సాయంత్రం ఆరు దాటేదాకా ఉండనిస్తారు. కొత్త సారును వెంటబెట్టుకుని ఆ ఇళ్లకు వెళ్లి పరిచయం చేయండి. ఈ పని వాయిదా వేయవద్దు.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. పాత సారుకు ఫోన్ చేశాను. మా పిచర్ కుడి మోచేయి గురించి, నాకే తెలియని ఒక విషయం చెప్పారు: నిరుడు ఫైనల్ తర్వాత వాడు రెండు వారాలు బంతి పట్టలేదట. కేకలు వేసిన పిల్లలు ఆయన దగ్గరికి వెళ్లి క్షమాపణ అడగడానికి ఒప్పుకున్నారు, కొత్త సారు తానే వెంట తీసుకెళ్తానన్నారు. షార్ట్‌స్టాప్ ఉంటానన్నాడు. పిచర్ తండ్రి ఇంకా ఆలోచిస్తున్నారు. ఏది నిర్ణయించినా సరేనని చెప్పి వచ్చాను.

అమ్మాయిల జట్టు ఉంది అక్కా, మీరు చెప్పినట్టే వాళ్లలో సగం మంది రావడం మానేశారు. ఈ ఆదివారం నుంచి ఇళ్లకు వెళ్తున్నాం.

ఒక చిన్న సాయం కావాలి. మా మౌండ్ (పిచర్ నిలబడి బంతి వేసే మట్టి దిబ్బ) మొన్నటి వానలకు కరిగి చదునైపోయింది. దాని కొలతలు పాత సారుకు నోటికి వచ్చు కాబట్టి మేం ఎన్నడూ రాసిపెట్టుకోలేదు. దయచేసి ఎవరైనా చెప్పండి.

కర్నూలు, విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్

రాసుకో నాయనా. బ్యాటర్ పక్కన నిలబడే హోం ప్లేట్ వెనుక మొన నుంచి, పిచర్ కాలు ఆనించే పలక అయిన పిచర్ రబ్బరు ముందు అంచుకు 60 అడుగుల 6 అంగుళాలు. రబ్బరు 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు. రబ్బరు పైభాగం హోం ప్లేట్ కంటే 10 అంగుళాలు ఎత్తులో ఉండాలి. రబ్బరు ముందు 6 అంగుళాలు వదిలి, అక్కడినుంచి హోం ప్లేట్ వైపు అడుగుకు ఒక అంగుళం చొప్పున వాలు దించాలి. మీ ప్రాంతపు ఎర్రమట్టిలో చెరువు బంకమట్టి కలిపి, పొరపొరగా నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టించు. పిచర్ ముందుకాలు దిగే చోట బంకమట్టి పాలు ఎక్కువ వేయించు, లేకపోతే అక్కడ గుంట పడి మోకాలు తిరుగుతుంది. పని అయ్యాక పైన టార్పాలిన్ కప్పి నాలుగు పక్కలా రాళ్లు పెట్టండి. ఈ కొలతలన్నీ ఆ రిజిస్టరు మొదటి పేజీలో రాయించు.