అప్‌డేట్: యూపీఎస్ గదిలో కుళ్లిన గుడ్ల వాసన, మా వాడి వేలు కాలిన సంగతి

పోయిన నెల అడిగింది నేనే. నల్గొండలో మా ఆఫీసు సర్వర్ రూమ్‌లో కుళ్లిన కోడిగుడ్ల వాసన, కరెంటు ఆపేసి యూపీఎస్ బ్యాటరీ నట్టు బిగిస్తుంటే కూడా మా వాడి వేలు కాలడం, ఎందుకని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

సర్వీస్ ఇంజినీర్ వచ్చి మీటర్ పెడితే, 12 వోల్టుల బ్యాటరీలు 16 ఉన్న వరసలో ఏడోది 10 వోల్టులే చూపింది. లోపల ఒక సెల్ షార్ట్. ఛార్జర్ మాత్రం మొత్తం వరసకు ఇచ్చేంత వోల్టేజీ ఇస్తూనే ఉంటుంది కదా, ఆ భారం మిగతా 15 మీద పడింది. రెండు పూరీల్లా ఉబ్బాయి. వాసన అక్కడిదే. ‘సెట్టంతా మార్చండి’ అన్నవాళ్ల మాటే నిజమైంది, మార్చేశాం.

వేలు కాలింది ఉంగరం వల్ల. మెయిన్ ఆపినా బ్యాటరీలు లైవే, వరస మొత్తం మీద 192 వోల్టులు. స్పానర్, ఉంగరం కలిసి రెండు టెర్మినళ్లనూ తాకాయి. వేలు మానింది గానీ చుట్టూ గుండ్రంగా మచ్చ ఉండిపోయింది.

ఎర్తింగ్ చెకింగ్, చచ్చిన ఎలుక కోసం సీలింగ్ విప్పడం దండగే. ఏసీ చల్లదనం పోతుందని ఎగ్జాస్ట్‌కు అట్ట అంటించింది మాత్రం మేమే! ఛార్జింగ్‌లో బ్యాటరీల నుంచి వచ్చే హైడ్రోజన్ (మండే గ్యాస్) పోయే దారి అదే. పీకేశాం.